దెబ్బ తినడం నేర్పిన డ్రిల్లాంటీ

పోయిన నెలలో ఒక మంగళవారం, ఇంకా సరిగా తెల్లారకముందే, స్కార్‌బరోలో మా అపార్ట్‌మెంట్ టవర్‌కి కాస్త దూరంలోని పెద్ద కూడలి దగ్గర, పరుగెత్తుతూ రోడ్డు దాటుతున్న దమయంతి గారిని మలుపు తిరుగుతున్న ట్రక్కు ఒకటి గుద్దేసింది. దాటడానికి సిగ్నల్ ఆమెదే. ఒంటి మీద దూరానికి మెరిసే జాకెట్ ఉంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో మాలో చాలామందికి లేని ఊపిరి, తొడల బలం ఉన్నాయి. ఇనుము ముందు అవేవీ నిలవలేదు. హాస్పిటల్ చేరేలోపే ఆమె ప్రాణం పోయింది.

నాకా కబురు చెప్పింది నరేష్. నిజామాబాద్ నుంచి చదువుకోవడానికి వచ్చి, చదువుకన్నా ఎక్కువగా ఫుడ్ డెలివరీలు చేసిన కుర్రాడు. ఆమె దగ్గర బాక్సింగ్ నేర్చుకున్న మొదటి శిష్యుడు కూడా. "అక్కా, ఆంటీని గుద్దిండక్కా," అన్నాడు ఫోన్లో. నేను నవ్వాను. దమయంతి గారిని ఎవరో ఒకరు గుద్దడం మాకు కొత్త కాదు. కొన్ని నెలలుగా ఆమె బాక్సింగ్ మానేసి ఉన్నారు. మళ్ళీ మొదలుపెట్టారన్నమాట అని సంతోషమే వేసింది. "మూతి పగిలిందా?" అని అడిగాను. వాడి వెనక సైరన్ వినపడింది. అప్పుడు గానీ ఆ మాటకున్న రెండో అర్థం నాకు తట్టలేదు. చేతిలో ఉన్న పాప పాలసీసా ఎప్పుడు కింద పడిందో తెలియదు.

ఆమె నిర్యాణం మా బిల్డింగ్‌కి, చుట్టుపక్కల కాలేజీల్లో చదివే తెలుగు పిల్లలకి తీరని లోటు అని తెలుగు అసోసియేషన్ వాళ్ళు మెసేజ్ పెట్టారు. మాట నిజమే. కానీ ఆ మెసేజ్‌లో ఆమెని "పెద్దావిడ" అన్నారు. ఆ ఒక్క మాట పడకూడదనే దమయంతి గారు చివరి పదేళ్ళూ పోరాడారు. అందుకే, పాప నిద్రపోయాక, మధ్యమధ్యలో లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దమయంతి గారు ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్ డ్రిల్లు టీచర్. పెళ్ళికి ముందు రాష్ట్ర జట్టులో కబడ్డీ ఆడారు. ఒక మ్యాచ్‌లో అవతలి జట్టు వాళ్ళంతా మీద పడితే కాలర్ బోన్ విరిగింది. విరిగిన ఎముక చర్మం కింద లేచి కనపడుతుండగానే గీత దాకా పాక్కుంటూ వచ్చి పాయింట్ తెచ్చారు. భుజం మీద ఆ బొడిపె మాకు చూపించేవారు, వేరేవాళ్ళు నగ చూపించినట్టు. భర్త పోయాక, రిటైరయ్యాక, ఇక్కడికి దగ్గర ఊరు ఏజాక్స్‌లో ఐటీ ఉద్యోగం చేసే కూతురు శిరీషక్క ఆమెని స్పాన్సర్ చేసి తీసుకొచ్చింది. వచ్చీరాగానే షుగర్ బయటపడింది. డాక్టర్ నడవమంటే ఈమె పరుగు మొదలుపెట్టారు. ఒకరోజు స్కార్‌బరోలో చీరల షాపుకి వెళ్ళి, ఆ ప్లాజా బేస్‌మెంట్‌లో ఉన్న బాక్సింగ్ జిమ్ మెట్ల మీద నుంచి ధనాధన్ చప్పుడు వినపడితే దిగి చూశారు. చీర కొనలేదు.

ఆ జిమ్ కోచ్ విన్‌స్టన్ జమైకా మనిషి, ఈమె ఈడువాడే. "మిస్ డీ, నీ వయసెంత?" అని అడిగాడట. "నువ్వు గుద్దితే వయసు కనుక్కుని గుద్దుతావా?" అన్నారట ఈమె తన డ్రిల్లు టీచర్ ఇంగ్లీషులో. ఏజాక్స్ నుంచి పొద్దున్నే బస్సులు కుదరక, చివరికి కూతురిల్లు వదిలి మా టవర్‌లో ఒక గది అద్దెకి తీసుకున్నారు. స్కూల్లో పిల్లల లంచ్ టైమ్‌లో కాపలా ఉండే పని చూసుకున్నారు. "కూతురితో పడదా?" అని బిల్డింగ్ ఆంటీలు గుసగుసలాడారు. పడేది. ఒకే ఒక్క విషయంలో పడేది కాదు. శిరీషక్కకి అమ్మ చాలాకాలం బతకాలి. అమ్మకి బతికినంతకాలం ఒంటిని వాడుకుంటూ బతకాలి. ఇద్దరూ అడిగింది ఒకటేనని నాకనిపించేది. కానీ అది ఇద్దరినీ ఏళ్ళ తరబడి కోసింది.

నాకు ఆమె పరిచయమైంది కింద లాండ్రీ గదిలో. పాప అప్పటికి నెలల పిల్ల. మెట్లు చూస్తే పాప పడిపోతుందని, లిఫ్ట్ ఎక్కితే ఆగిపోతుందని భయపడే రోజులు. తలుపు తీసేసరికి ట్రాక్‌ప్యాంటు మీద నైటీ వేసుకున్న ఒకావిడ తిరిగే డ్రయ్యర్ ముందు నిలబడి, గాల్లోకి పిడిగుద్దులు గుద్దుతూ బుస్ బుస్‌మంటున్నారు. నేను పాపని గుండెకి అదుముకుని వెనక్కి తిరిగాను.

"ఏమ్మాయ్, తెలుగేనా?"

"అవునండీ."

"మరి పారిపోతావేంది? నేను గుద్దేది గాలిని. గాలి ఏమన్నా కేసు పెట్టిందా?" అంటూ దగ్గరికొచ్చి పాప పిడికిలి చూశారు. "చూడు, బొటనవేలు లోపల పెట్టుకుంది. ఇట్టా గుద్దితే వేలు విరుగుద్ది. బయటికి తీయించు."

అప్పటికి పాపకి అయిదో నెల.

మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా టవర్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్లలో హాల్లో కూడా పరుపులు పరుచుకుని పడుకునేవారు. పగలు క్లాసు, సాయంత్రం వేర్‌హౌస్, మధ్యలో బస్సుల్లో కునుకు. ఇరవై మూడేళ్ళకే నడుము పట్టేసి, మిగిలిపోయిన పిజ్జా తిని పొట్టలు వచ్చి, ఎవరి మీదో తెలియని కోపంతో ఉండేవారు. ఒకసారి పార్కింగ్‌లో ఇద్దరు రూమ్‌మేట్లు గిన్నెలు కడగలేదన్న మాట మీద రక్తాలు కారేలా కొట్టుకున్నారు. దమయంతి గారు వెళ్ళి ఇద్దరి చొక్కాలూ పట్టుకుని విడదీశారు. ఆ మర్నాడే బిల్డింగ్ చూసుకునే సూపరింటెండెంట్‌ని ఒప్పించి, అందరూ ఫంక్షన్లు చేసుకునే పార్టీ రూమ్ తీసుకున్నారు. "కొట్టుకోండి, వద్దనను. కాకపోతే నా ముందు, గ్లవ్స్ తొడుక్కుని," అన్నారు. అక్కడ పుట్టిన పేరే డ్రిల్లాంటీ. ఇక్కడే పుట్టిన ఆమె మనవడు ఆర్యన్ మాత్రం చాలాకాలం అమ్మమ్మ దగ్గర గోడకి కన్నాలు పెట్టే మెషీన్ ఉందనుకున్నాడు.

ఆ క్లాసు ఎలా ఉండేదో చెప్పాలి.

"జాబ్ ఏది? ముందు జాబ్ రావాల. జాబ్ లేకుండా ఎంత బలముంటే ఏం లాభం?" అని ఆమె అరిచేవారు. ఎడమ చేత్తో సూటిగా కొట్టే దెబ్బని బాక్సింగ్‌లో జాబ్ అంటారు.

"అదే కద ఆంటీ, వచ్చినప్పటి నుంచి దానికోసమే తిరుగుతున్నం!" అనేవాడు నరేష్.

"నీకొచ్చే జాబ్ కూడా ఇట్టానే ఉంటది, సగం దూరంలో ఆగిపోద్ది. మోచెయ్యి చాచు!"

మొదటి పాఠం కొట్టడం కాదు. దెబ్బ తినడం. గోడకి ఆనుకోకుండా నిలబడాలి, ఎదురుగా వచ్చే గ్లవ్‌ని కళ్ళు మూసుకోకుండా చూడాలి. ఆమె మెల్లగా మొదలుపెట్టి, నుదుటి మీద, డొక్కలో, భుజాన దెబ్బ బరువు పెంచుకుంటూ పోయేవారు. నన్నూ క్లాసుకి లాక్కెళ్ళిన మొదటి రోజు, గ్లవ్ కదలకముందే కళ్ళు మూసుకుని అరిచాను. "ఇంకా కొట్టలేదు కదమ్మాయ్, దేనికి అరిచావ్? తగలని దానికి కూడా నొప్పి పడితే, తగిలినదానికి ఏం మిగులుద్ది?" అన్నారు. ఆ తర్వాత నిజంగానే కొట్టారు. డొక్కలో ఊపిరి ఆగింది. మోకాళ్ళ మీద కూలబడ్డాను, కళ్ళల్లో నీళ్ళు. చచ్చిపోలేదు. ఈ సంగతి నాకు కొత్త.

ఆమె స్వయంగా ఎలాంటి దెబ్బలు తినేవారో చెప్పడానికి 'కొట్టబాక' కథ చాలు. కుర్రాళ్ళెవరూ ఆమెని గట్టిగా కొట్టేవారు కాదు. అమ్మమ్మ వయసు మనిషిని ఎలా కొడతారు? గ్లవ్ ఆమె దాకా వచ్చి మెత్తబడిపోయేది. ఆమెకి ఒళ్ళు మండేది. ఒకరోజు నరేష్‌తో తలపడుతుండగా పళ్ళ మీద పెట్టుకునే రబ్బరు గార్డు జారింది. సర్దుకోవడానికి చేతులు దించి, నోటి నిండా రబ్బరుతోనే "కొట్టబాక!" అన్నారు. ప్రకాశం వైపు దాని అర్థం కొట్టొద్దని. నిజామాబాద్ చెవికి అది "కొట్టు, బాగా!" అని వినపడింది. నరేష్ ఒళ్ళంతా తిప్పి దవడ మీద కొట్టాడు. ఆమె వెనక్కి తూలి కుర్చీల మీద పడ్డారు. కుర్చీలు ధడధడా కూలాయి. గార్డు ఎగిరి గోడకి తగిలింది. లేచి కూర్చునేసరికి పళ్ళ సందుల్లో ఎర్రగా రక్తం.

నరేష్ కాళ్ళ మీద పడ్డాడు. "మీరే కద ఆంటీ కొట్టు బాగ అన్నరు! అమ్మతోడు, మీరే అన్నరు!"

"కొట్టబాక అంటే కొట్టొద్దని రా, సచ్చినోడా!" అని టవల్లోకి రక్తం ఉమ్మి, ఆమె దవడ అటూ ఇటూ కదిపి చూసుకున్నారు. తర్వాత మొహమంతా వెలిగిపోయింది. "అది సరే గానీ, ఆ దెబ్బ ఎంత బాగుందిరా! నడుము తిరిగింది, మడమ లేచింది. ఇన్నాళ్ళు ఎక్కడ దాచావు? నా మీద గౌరవంతో దాచావా? మెల్లిగా కొట్టావంటే నేను చచ్చేదానికి దగ్గరున్నానని నాకు చెప్పినట్టే. ఇంకోసారి అట్టా చెప్పబాక."

అప్పట్నుంచి ఎవరూ దాచుకోలేదు. ఆమె మొహం మీద ఎప్పుడూ ఏదో ఒక నలుపు ఉండేది. శిరీషక్క వచ్చేరోజు పసుపు రాసుకునేవారు.

పరుగు ఆమెది వేరే పద్ధతి. చెడుగుడులో లాగా కూత పట్టేవారు. ఒక కరెంటు స్తంభం దగ్గర "కబడ్డీ కబడ్డీ" మొదలుపెడితే ఊపిరి తీయకుండా వీలైనన్ని స్తంభాలు దాటాలి. తెగిన చోట ఔట్. మంచులో కుక్కలని తిప్పుకునే తెల్లవాళ్ళు దారి వదిలేసేవారు. వయసు పెరిగేది ఏళ్ళలో కాదని, కూత ఎక్కడ తెగుతుందో అక్కడ చూసుకోవాలని ఆమె నమ్మకం. అరవై దాటాక కూత ఒక స్తంభం పెరిగిందని విన్‌స్టన్ దగ్గర గొప్పలు చెప్పుకునేవారు. విన్‌స్టన్ తన జిమ్‌లో జమైకా కుర్రాళ్ళ చేత కూడా బ్యాగ్ కొట్టేటప్పుడు "కబాడీ" అనిపించేవాడు.

పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు చలికాలంలో ఐసు మీద జారి తుంటి విరగ్గొట్టుకోవడం చూసి, వాళ్ళకి కూడా క్లాసు పెట్టారు. వాళ్ళకి నేర్పింది పడటం. పరుపులు పరిచి, ఒక్కొక్కరినీ వెనక నుంచి నెట్టేవారు. "ఇదెక్కడి అన్యాయమమ్మా, పిల్లనిచ్చిన వియ్యపురాలు కూడా నన్నిట్లా తొయ్యలేదు!" అని ఒక గుంటూరు పెద్దాయన గగ్గోలు పెట్టారు. "తోసినట్టు తెలియకుండా తోసుంటది, నేను చెప్పి తోస్తున్నా. లేవండి, చేతులు ఆనకుండా లేవండి. డైనింగ్ టేబుల్ వచ్చాక నేల మీద నుంచి లేవడం మర్చిపోయారు మీరంతా," అని మళ్ళీ నెట్టారు.

భార్గవి సంగతి చాలామందికి తెలుసు. కర్నూలు పిల్ల, కాఫీ షాపులో పని. బస్‌స్టాప్‌లో ఎవడో మొహం మీద గుద్ది ఫోన్ లాక్కుపోయాడు. కన్ను మూసుకుపోయి, చెంప నల్లబడి క్లాసుకి వచ్చింది.

"ఆంటీ, వాడు మళ్ళా దొరికితే ఎక్కడ కొట్టాలో చెప్పు. ఒక్క దెబ్బకి పడిపోవల్ల."

"దొరికితే పరిగెత్తు."

"నేనేం తప్పు చేసినానని పరిగెత్తల్ల?"

"వాడి చేతిలో కత్తుంటే నీ తప్పొప్పులు అడగడు. వీధిలో పరుగు, గదిలో గుద్దు. అంతే."

భార్గవికి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "మరి ఇన్ని దినాలు ఈ గుద్దులన్నీ ఎందుకు తిన్నట్టు?"

"వాడు గుద్దినాక ఎంతసేపు అక్కడే నిలబడ్డావ్?"

భార్గవి తలొంచుకుంది. బస్సులు వచ్చిపోతున్నా కదల్లేకపోయానని చెప్పింది.

"అందుకే. దెబ్బ తగిలాక కాళ్ళు కదలాల. దానికే ఈ గుద్దులు."

మా పాప మంచం మీద నుంచి పడి నుదురు చిట్లి, మొహమంతా రక్తం అయినరోజు నేను అరవలేదు. గుడ్డ అదిమిపట్టి, కోటు తొడిగి, టాక్సీ పిలిచాను. అంతకుముందు నన్నెరిగినవాళ్ళు ఎవరూ నమ్మరు. అది ఆమె పెట్టిన భిక్ష.

పోయిన సంవత్సరం విన్‌స్టన్ పెద్ద వయసు వాళ్ళ కోసం ఒక సాయంత్రం ప్రదర్శన మ్యాచ్‌లు పెట్టాడు. దమయంతి గారికి పోటీగా బ్రెండా అనే రిటైర్డ్ నర్సు కుదిరింది, ఆమెకన్నా చిన్నది, భుజాలు తలుపంత. హెడ్‌గేర్లు, పెద్ద గ్లవ్స్, చిన్న రౌండ్లు. అయినా మ్యాచ్ మ్యాచే. శిరీషక్క వద్దని ఏడ్చింది, అరిచింది, మాట్లాడటం మానేసింది. చివరికి ఆర్యన్‌ని తీసుకుని తనే వచ్చింది, నా పక్కన కూర్చుంది.

మొదటి రౌండ్ దమయంతి గారిదే. తలుపంత భుజాల కింద దూరి డొక్కలో కొట్టి బయటపడుతుంటే మన పిల్లలు హాలు పగిలేలా అరిచారు. బ్రెండా పెదవి చిట్లింది. రెండో రౌండ్ మధ్యలో అడుగు ముందుకి వేస్తూ దమయంతి గారు పొరపాటున బ్రెండా పాదం తొక్కారు.

తర్వాత జరిగింది ఆ హాల్లో మా తెలుగు వాళ్ళకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. మొహానికి అడ్డం ఉండాల్సిన ఆమె కుడిచెయ్యి ఆ కాపు వదిలేసి, కిందికి వంగి, బ్రెండా వైపు చాచుకుని, తిరిగి కళ్ళ దగ్గరికి వచ్చింది. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం కదా. అరవై ఏళ్ళుగా అలవాటైన చెయ్యి, గ్లవ్ ఉన్నా ఆగలేదు. బ్రెండా తప్పేమీ లేదు. ఆమెకి కనపడింది ఖాళీగా ఉన్న మొహం. కొట్టింది.

ఆ చప్పుడు నాకింకా వినపడుతుంది. ముక్కు నుంచి రక్తం పిచికారీలా వచ్చి తాళ్ళ మీద పడింది. ఆమె ఒరిగిన చెట్టులా కాదు, తీగ తెగిన బట్టలా ఉన్నచోటే కుప్పకూలారు. రెఫరీ లెక్క మొదలుపెట్టాడు. "లెవ్వు ఆంటీ, లెవ్వు!" అని నరేష్. "మా అమ్మ! ఆపండి, మా అమ్మ!" అని శిరీషక్క. ఆర్యన్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. లెక్క అయిపోవస్తుండగా ఆమె ఒక మోకాలు ఎత్తారు. చేతులు ఆనకుండా లేచారు. మిగిలిన రౌండంతా బ్రెండాని తాళ్ళకి అదిమి రెండు చేతులా కొట్టారు. ఆమె రక్తం, బ్రెండా రక్తం ఇద్దరి బనియన్ల మీదా కలిసిపోయాయి. పాయింట్ల మీద ఓడిపోయారు.

"ఆ మధ్యలో కింద ఏం వెతికావు నువ్వు?" అని అడిగింది బ్రెండా తర్వాత, దమయంతి గారి ముక్కు మీద ఐసు అదిమిపెడుతూ. చెప్పారు. ఎదుటి మనిషిలో దేవుడుంటాడని, కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని. "ఈసారి మీ దేవుణ్ణి రింగ్ మూలన మీ కోచ్ పక్కన కూర్చోబెట్టి రా," అంది బ్రెండా. దమయంతి గారు నవ్వబోయి, ముక్కు పట్టుకుని బాధతో మూలిగారు, మళ్ళీ నవ్వారు. అంత ఆనందంగా ఆమెని నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ ఆనందం ఆ బట్టలు మార్చుకునే గదిలోనే అయిపోయింది. శిరీషక్క లోపలికొచ్చి తలుపు వేసింది. ఆర్యన్‌ని ముందుకి నెట్టి, అమ్మ చెయ్యి పట్టుకుని వాడి తల మీద పెట్టింది.

"ఒట్టు వెయ్యి. ఇంక గ్లవ్స్ తొడగనని వీడి మీద ఒట్టు వెయ్యి."

"పిల్లాడి తల మీద ఏంది సిరీ..."

"వెయ్యమ్మా. నాన్న పోయాడు. నాకెవరున్నారు? నీ తలకాయలో నరం తెగితే?" శిరీషక్క అమ్మ చెయ్యి ఇంకా గట్టిగా అదిమింది. "నడువు, బరువులెత్తు, పరిగెత్తు, నేను కాదనను. పరిగెత్తేటప్పుడు నిన్నెవరూ గుద్దరు కదా."

"మామ్, లెట్ హర్ గో," అన్నాడు ఆర్యన్, తల మీద అమ్మమ్మ చెయ్యి అలాగే ఉండగా.

దమయంతి గారు కూతురి మొహం చూసి "ఒట్టు," అన్నారు. ఆమె గ్లవ్స్ శిరీషక్క తన కారు డిక్కీలో వేసుకుని తీసుకుపోయింది.

ఆ ఒట్టు ఆమె ఎంత నిష్ఠగా పాటించారంటే, అరచేతులకి తొడుక్కుని పిల్లల గుద్దులు కాసే ప్యాడ్స్ పట్టడం కూడా మానేశారు. కుర్చీలో కూర్చుని అరిచేవారు. విన్‌స్టన్ దగ్గర గడిపే పొద్దులన్నీ పరుగుకి పోయాయి. స్తంభాలు చాలక కూడళ్ళు దాటి, ఇంకా దూరం, ఇంకా పెందలాడే వెళ్ళేవారు. "గుద్దేదానికి మనిషి లేకపోతే రోడ్డునే గుద్దుకోవాల, కాళ్ళతో," అన్నారు ఒకసారి నాతో. నేను నవ్వాను.

ఫ్యూనరల్ హోమ్‌లో ఎంత రంగు పూసినా ఎడమ దవడ నలుపు దాగలేదు. వచ్చినవాళ్ళు "బాధ తెలియకుండా పోయింది, అదృష్టవంతురాలు," అన్నారు. అది నిజం కాదు. బస్సు కోసం నిలబడి అంతా చూసినతను మాకు చెప్పాడు. ట్రక్కు గుద్ది పడేశాక ఆమె ఒక మోకాలు పైకి తీసుకోబోయారట. లేవబోయారట. అతను చెప్పేటప్పుడు శిరీషక్క నా పక్కనే ఉంది. ఆమె ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది.

కర్మలన్నీ అయ్యాక, ఒక క్లాసు రోజు, శిరీషక్క ఏజాక్స్ నుంచి పార్టీ రూమ్‌కి వచ్చింది. పిల్లలు లేచి నిలబడ్డారు. ఎవరో కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. చేతిలో అమ్మ గ్లవ్స్ ఉన్నాయి.

"ఇవెలా కట్టుకోవాలి?" అంది.

నరేష్ కట్టాడు. ప్యాడ్స్ నేను తొడుక్కున్నాను, ఎందుకో తెలియదు. ఆమె ముందు మెల్లిగా తట్టింది. తర్వాత కాస్త గట్టిగా. తర్వాత ఆమె నోట్లోంచి మాటలు దెబ్బలతో కలిసి రావడం మొదలైంది.

"ఒట్టు వేయించింది నేను." ఒక దెబ్బ. "జిమ్‌లో ఉండేది ఆ టైమ్‌కి." ఇంకోటి. "వెచ్చగా, లోపల, ఆ ముసలాయన దగ్గర ఉండేది. రోడ్డు మీదకి పంపింది నేను. చెప్పవేం? నేను కాదా?"

నేనైనా ఆ రోజు, ఆ రక్తం చూసి, అదే ఒట్టు వేయించేదాన్ని. నా పాప రేపు నా మాట విని భద్రమైన దారిలో వెళ్ళి, ఆ దారిలోనే దానికి ఏమైనా అయితే? ఆమెకి ఇవ్వడానికి నా దగ్గరున్నవి రెండు అరచేతులే. వాటిని ఎత్తి పట్టుకున్నాను.

ఒక దెబ్బ ప్యాడ్ మీద నుంచి జారి నా మూతికి తగిలింది. పెదవి పళ్ళకి కోసుకుంది. ఉప్పగా రక్తం నోట్లోకి వచ్చింది. శిరీషక్క ఆగిపోయింది. "అయ్యో, నీకు... పసిపిల్ల తల్లివి..." అంటూ గ్లవ్స్ విప్పబోయింది.

"ఇంకా ఉందా అక్కా?" అన్నాను.

ఆమె నా మూతి వైపు చూసింది. "ఉంది," అంది.

"అయితే రా."

దమయంతి గారూ, మీకు అంజలి ఘటించడానికి మాకు ఫోటో ముందు పూలు పెట్టడం ఒక్కటే తెలిసేది. ఇప్పుడు వారం వారం మీ అమ్మాయి వస్తోంది. కొడుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ కొడుతోంది. బిల్డింగ్‌లో చప్పుడు ఎక్కువైందని కంప్లెయింట్ కూడా వచ్చింది. నరేష్, భార్గవి, నేను వంతులవారీగా ప్యాడ్స్ పడుతున్నాం. మా చేతులు వాచాయి. ఆమెకి మీ బలమే వచ్చింది, మీరుండి చూడాల్సింది. ఆ కుడిచేతి దెబ్బలో ఎక్కడో ఒక తప్పుంది. మోచెయ్యా, మడమా, భుజమా, ముగ్గురం ఎంత చూసినా మాకు అంతుపట్టడం లేదు. మీరైతే కుర్చీలోంచి లేవకుండానే చెప్పేవారు.